జరిమానా రసీదు, నీటి హక్కు

భూమిని పరచి, దానిపై నదులను నడిపించి, ప్రాణమున్న ప్రతిదానికీ నీటిని ఆధారం చేసిన అల్లాహ్‌కు స్తోత్రములు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

ఈ జుమా ప్రసంగానికి అంశం మాకు మసీదు మెట్ల మీద దొరికింది. కొన్ని వారాల క్రితం జొహ్ర్ నమాజు ముగిసిన తర్వాత మన జమాఅతుకు చెందిన ఒక సోదరుడు మమ్ము ఆపి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి చూపారు. అది జరిమానా రసీదు. పట్టణంలోని కోడిమాంసం దుకాణాలలో మిగిలిన పేగులు, తలలు, ఈకలు డ్రమ్ముల్లో నింపుకొని రాత్రివేళ చేపల చెరువుకు తోలుతుండగా ఆయన బండి పట్టుబడింది. బండి ఆగిన చోటనే జరిమానా కట్టించుకొని, సరుకును గోతిలో పూడ్పించి, రసీదు చేతికిచ్చి పంపించారు.

“మౌలానా సాబ్, డబ్బు కట్టేశాను. ఇక అల్లాహ్ దగ్గర నా లెక్క తీరినట్టేనా?” అని ఆయన అడిగారు. మేము నోరు తెరిచేలోపే రెండవ ప్రశ్న వేశారు: “బండి నడిపినందుకు నాకు వేశారు. ఆ సరుకు తెప్పించుకొన్న చెరువు ఆసామికి ఎవరు వేస్తారు సాబ్?”

మొదటి ప్రశ్నకు, “తీరలేదు భాయ్‌సాబ్” అని మాత్రం చెప్పగలిగాము. రెండవ ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర సమాధానం లేదు. తలవంచుకొని లోపలికి వచ్చాము. అప్పటినుంచి గ్రంథాలు తిరగేస్తూ, తెలిసినవారిని అడుగుతూ సమకూర్చుకొన్నది ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాము.

మొదట మన ఊరు ఎక్కడ ఉన్నదో ఒకసారి జ్ఞాపకం చేసుకొందాము. 2022 ఏప్రిల్ 4న మన మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. జిల్లా పేరు మారినా నీటి దారి మారలేదు. మనది కృష్ణా కాలువల చిట్టచివరి భూమి. పైనున్న ఊళ్ళన్నీ వాడుకోగా మిగిలిన నీరే మనకు వస్తుంది. వాళ్ళు వదిలిన మురుగూ మన మీదుగానే పోతుంది. నేల తవ్వితే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది గనుక, కాలువ వదిలినప్పుడు మంచినీటి చెరువు నింపుకొని, కాలువ కట్టేసిన తర్వాత ఆ చెరువు మీదనే నెలల తరబడి బ్రతుకుతాము. అటువంటి ఊళ్ళో ఒక డ్రమ్ము మలినం కాలువ గట్టున ఒలికినా అది ఎవరి బిందెలోకి చేరుతుందో చెప్పలేము. ఆ బిందె ముస్లిముదా, హిందువుదా, క్రైస్తవుడిదా అని నీరు అడగదు.

మనకు పక్కనే కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ అల్లాహ్ ఉంచిన ఆ మహా సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే దానిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేరకు ప్రభుత్వం దానిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో దానికి చోటు దక్కింది. అయినా చెరువు గట్లు లేస్తూనే ఉన్నాయి. 2006లో ఆ గట్లను యంత్రాలతో, మందుగుండుతో తెగగొట్టినప్పుడు ఎన్ని కుటుంబాలు ఏడ్చాయో ఇక్కడి పెద్దలకు గుర్తే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామాలను చుట్టుముట్టడం మనమందరం చూశాము. ఏళ్ళ తరబడి చూసీ చూడనట్లు ఊరుకొని, ఒకనాడు గట్టునే పేల్చవలసి రావడం కంటే, మొదటి పార మట్టి వేసిన రోజుననే ఆపి చిన్న జరిమానా వేసి ఉంటే అది దయ కాకపోయేదా అని మాకు చాలాసార్లు అనిపిస్తుంది.

అక్కడికక్కడే వేసే జరిమానాకు అసలు కారణం ఇదే. నీటిని పాడుచేసిన నేరం కోర్టుకు వెళ్ళి సంవత్సరాలు గడిచేసరికి సాక్ష్యం ఉండదు. కాలువలోని నీరే సాక్ష్యాన్ని సముద్రానికి మోసుకుపోతుంది. బస్టాండులో బీడీ కాల్చినవానిని కోర్టుకు ఈడ్వకుండా 200 రూపాయల వరకు అక్కడనే కట్టించుకొనే పద్ధతి 2003 నాటి పొగాకు చట్టం వలన మనకు తెలిసినదే. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమావళి కూడా, చెత్త పారవేసినవారికి అక్కడికక్కడే వేయవలసిన జరిమానాలను నిర్ణయించి, ఆ అధికారాన్ని ఉద్యోగులకు అప్పగించమని పట్టణ సంస్థలకు చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నియమావళి గ్రామ పంచాయతీలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. మన వలీమా విందులలో అవి ఇంకా కనిపిస్తున్నాయన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేము.

ఇది ఈ కాలపు ప్రభుత్వాలు కనిపెట్టిన కొత్త పద్ధతి అనుకొంటున్నామేమో! సోదరులారా, మదీనా నగరం చుట్టూ ఉన్న నేలను దైవప్రవక్త (స) పవిత్ర హద్దుగా ప్రకటించారు. అందులో చెట్టు నరకరాదు, జంతువును వేటాడరాదు. ఇది ఆయుధబలం మీద నిలిచిన హద్దు కాదు, మాట మీద నిలిచిన హద్దు. సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉల్లేఖించబడింది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) అఖీఖ్ లోయలోని తన ఇంటికి వాహనంపై వెళ్తున్నారు. దారిలో ఒక బానిస ఆ హద్దులో చెట్టు నరుకుతూ కనిపించాడు. సఅద్ (ర) అక్కడికక్కడే అతని వద్దనున్న సామగ్రిని తీసుకొన్నారు. విచారణ లేదు, వాయిదా లేదు. తర్వాత ఆ బానిస యజమానులు వచ్చి, తీసుకొన్నదానిని అతనికైనా, తమకైనా తిరిగి ఇమ్మని అడిగారు. దైవప్రవక్త (స) తనకు హక్కుగా ఇచ్చినదానిని వాపసు చేయడం నుంచి అల్లాహ్ శరణు కోరుతూ ఆయన నిరాకరించారు. అబూదావూద్ గ్రంథంలోని ఉల్లేఖనంలో, కావాలంటే దాని వెల తన సొంతం నుంచి ఇస్తానని కూడా ఆయన చెప్పినట్లు ఉన్నది.

ఈ ఆదేశం ఈనాటికీ యథాతథంగా అమలు కావాలా అన్న విషయంలో ధర్మశాస్త్రవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మా ఉద్దేశం ఫత్వా ఇవ్వడం కాదు. ఆ సంఘటనలోని రెండు సంగతులను మీరు గమనించాలని కోరుతున్నాము. సఅద్ (ర) గారు కావాలంటే వెల ఇస్తానన్నారంటే, ఆ సామగ్రి మీద ఆయనకు ఆశ లేదన్నమాట. జరిమానా వేసేవానికి డబ్బు ముఖ్యం కాకూడదు, హద్దు నిలవడం ముఖ్యం. రెండవ సంగతి: గొడ్డలి పట్టినవాడు బానిస, నష్టం తగిలి పరుగెత్తుకొని వచ్చినవారు యజమానులు. మన సోదరుడు మసీదు మెట్ల మీద అడిగిన రెండవ ప్రశ్నకు దారి ఇక్కడ తెరుచుకొన్నది. దానికి మళ్ళీ వస్తాము.

ముందు మొదటి ప్రశ్న. డబ్బు కట్టితే లెక్క తీరుతుందా?

మనం చేసే తప్పులలో కొన్ని మనకూ అల్లాహ్‌కూ మధ్య ఉండేవి. కొన్ని తోటి దాసుల హక్కులకు సంబంధించినవి. మొదటి రకానికి పశ్చాత్తాపం, తప్పును విడిచిపెట్టడం, మళ్ళీ చేయనన్న సంకల్పం చాలును. రెండవ రకానికి ఈ మూడింటితో పాటు, ఎవరి హక్కును పోగొట్టామో వారికి దానిని చేర్చాలి, లేదా వారి చేత క్షమాపణ పొందాలి. జరిమానా రసీదు మీద పంచాయతీ ముద్ర ఉండవచ్చు, పురపాలక సంఘం ముద్ర ఉండవచ్చు. ఆ నీరు తాగి జ్వరపడిన పసిబిడ్డ తల్లి సంతకం దాని మీద ఉండదు. ప్రళయదినాన అడిగేది ఆమె. నిలవనీటిని మలినపరచవద్దని, దారిలోనూ, నీడలోనూ, నీటిరేవులోనూ అసహ్యం చేసి జనుల శాపాలకు గురి కావద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హెచ్చరికలో ప్రభుత్వం ప్రసక్తి లేదు, శపించే జనుల ప్రసక్తి ఉన్నది.

జరిమానాలోనే ఒక వల కూడా పొంచి ఉన్నది. 1998 ప్రాంతంలో హైఫా నగరంలోని పది శిశు సంరక్షణ కేంద్రాలను ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించారు. సాయంత్రం పిల్లలను తీసుకొని వెళ్ళడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చేవారు. కొన్ని కేంద్రాలలో ఆలస్యానికి చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాలి గదా? తగ్గకపోగా బాగా పెరిగాయి. అంతకుముందు టీచరమ్మను కాచుకొనేలా చేశామే అని సిగ్గుపడినవారు, ఇప్పుడు డబ్బు ఇస్తున్నాము గదా అని నిబ్బరంగా రాసాగారు. జరిమానా తీసివేసిన తర్వాత కూడా పాత సిగ్గు తిరిగి రాలేదు. మన దగ్గర బండి తోలేవారి లెక్కలోనూ ఇదే జరుగుతున్నది. డీజిలు ఇంత, డ్రైవరు బత్తా ఇంత, పట్టుబడితే జరిమానా ఇంత అని ఖర్చుల వరుసలో రాసేస్తున్నారు. హరామ్‌కు ధర కట్టి, ఆ ధర చెల్లించాము గనుక హలాల్ అయినదని మనస్సును ఒప్పించడం కంటే పెద్ద మోసం ఏమున్నది?

ఈ వ్యర్థాల సంగతి విడిగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఇది మన వృత్తికి తగిలే మాట. ఈ ప్రాంతపు పట్టణాలలో కోడిమాంసం దుకాణాలు నడిపేవారిలో మనవారు ఎందరో ఉన్నారు. జబహ్ విషయంలో ఎంతో జాగ్రత్త పాటిస్తాము, బిస్మిల్లాహ్ తప్పకుండా పలుకుతాము. సాయంత్రం దుకాణం కట్టేటప్పుడు డ్రమ్ము ఎటు పోతున్నదో మాత్రం అడగము. అది నేరుగా చేపల చెరువుకు పోతున్నది. తవుడు, చెక్క, కంపెనీ మేత ఖరీదు గనుక, కొందరు ఆసాములు ఫంగస్ చేపకూ, నిషేధంలో ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కూ ఈ కుళ్ళును మేతగా వేస్తున్నారు. చేపల చెరువులలో కోడి వ్యర్థాల వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. మిగిలిన కుళ్ళునీరు డ్రెయిన్‌లోకి, అక్కడినుంచి కొల్లేటికి చేరుతుంది. ఆ చేప మళ్ళీ సంతకు వచ్చి మన కంచంలోకే చేరుతుంది.

మలినం తినే జంతువును షరీఅతులో ‘జల్లాలా’ అంటారు. అటువంటి జంతువు మాంసాన్ని, పాలను వాడవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు హజ్రత్ ఇబ్ను ఉమర్ (ర) ద్వారా ఉల్లేఖనం ఉన్నది. ఆయన తాము తినదలచిన కోడిని మూడు రోజులు కట్టివేసి, శుభ్రమైన మేత పెట్టిన తర్వాతనే కోసేవారట. ఈ ఆదేశం చేపకు ఎంతవరకు వర్తిస్తుందన్నది ఉలమాలను అడిగి తెలుసుకోవలసిన విషయం. కానీ మూడు రోజుల పాటు కోడిని కట్టివేసిన ఆ మనస్సు ఎక్కడ, డ్రమ్ముకు ఇంత అని లెక్క కట్టుకొనే మన మనస్సు ఎక్కడ?

ఏలూరు మనకు దూరం కాదు. 2020 డిసెంబరు మొదటివారంలో అక్కడ మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోసాగారు. కొద్ది రోజులలోనే ఆరువందలకు పైగా ఆసుపత్రి పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షలు చూపాయి. పురుగుమందుల అవశేషాల మీద కూడా అనుమానం వ్యక్తమైనది. ఆ రోజులలో మన వీధుల్లో కూడా నీటి బిందె దించాలంటే చేయి వణికింది. అర్ రూమ్ సూరాలో, నేల మీదా నీటి మీదా చెలరేగిన కీడు మనుషుల చేతులు సంపాదించుకొన్నదేనని, తిరిగి సన్మార్గానికి మరలేటందుకు వారి కర్మల రుచి కొంత చూపబడుతుందని అల్లాహ్ తెలియజేశాడు. కొంత మాత్రమే అన్నమాట మీద మేము చాలాసేపు ఆగిపోతాము.

ఇప్పుడు ఆ సోదరుని రెండవ ప్రశ్న. ఇది అసూయతో వేసిన ప్రశ్న కాదు, న్యాయం కోసం వేసిన ప్రశ్న.

హజ్రత్ ఉమర్ (ర) తన ఖిలాఫత్ కాలంలో ప్రజాధనమైన పశువుల మేతకై కొంత భూమిని రక్షిత క్షేత్రంగా ఉంచారు. దానిని అరబీలో ‘హిమా’ అంటారు. దానికి కావలిగా హునై అనే తన సేవకుని నియమించి ఆయన చేసిన హితబోధ సహీహ్ బుఖారీలో ఉన్నది. జనులపట్ల మృదువుగా ఉండమన్నారు, పీడితుని మొరకు భయపడమన్నారు. నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు ఉన్న పేదవానిని లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్‌ల మందలను మాత్రం ఆపమన్నారు. వారిద్దరూ ఎవరు? స్వర్గ శుభవార్త పొందిన సహాబీలు, మదీనాలోని మహా సంపన్నులు. వారిని అవమానించాలని కాదు. మంద పోతే వారికి తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాని మంద చస్తే వాడు పిల్లలను వెంటబెట్టుకొని ఖలీఫా గడప ముందు నిలబడతాడు. కావలివాడు ఎవరిని ముందుగా ఆపాలో ఉమర్ (ర) ఆ విధంగా పేర్లు పెట్టి చెప్పారు.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలక్రిందులుగా ఉన్నది. రోడ్డు మీద బండి దొరుకుతుంది గనుక బండివానికి జరిమానా. బండిలో సొంతమైనది స్టీరింగు పట్టుకొన్న చేతులే అయినా, కట్టవలసింది అతడే. నలభై ఎకరాల చెరువు గట్టు మీద కుర్చీ వేసుకొన్న ఆసామి వరకు రసీదు పుస్తకం వెళ్ళదు. ఇద్దరూ తప్పు చేసినవారే. కానీ ఇద్దరి తప్పూ ఒకే తూకం కాదు. సఅద్ (ర) ఎదుటికి యజమానులు రావలసి వచ్చిందంటే, ఆ దండన సరైన చోట తగిలిందన్నమాట.

చట్టంలో ఈ తూకానికి చోటు లేదనుకోవద్దు. పొలాలలో గడ్డి తగలబెట్టడంపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలకు ఇచ్చిన ఉత్తర్వులో, 2 ఎకరాలలోపు రైతుకు 2,500 రూపాయలు, 5 ఎకరాలలోపు వానికి 5,000, అంతకు మించినవానికి 15,000 అని మెట్లు పెట్టింది. 2020 మే 7న విశాఖపట్నంలో విషవాయువు లీకై ప్రాణాలు పోయినప్పుడు, మరునాడే అదే ట్రిబ్యునల్ ఆ కర్మాగారాన్ని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమన్నది. పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘించినవారికి జైలుకు బదులు 10,000 నుంచి 15 లక్షల వరకు జరిమానా విధించే మార్పు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. చట్టంలో నిచ్చెన ఉన్నది. మన ప్రాంతంలో అది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆపిన బండి ఎక్కడికి పోతున్నదని అడిగి, ఆ చెరువు సర్వే నంబరు రాసుకొనే వరకు ఆ ప్రశ్న బ్రతికే ఉంటుంది. ఇదే మేము పంచాయతీ కార్యదర్శి గారికీ, మత్స్యశాఖ అధికారులకూ వినయంగా విన్నవించుకొంటున్న మాట.

వసూలు చేసేవారి గురించి కూడా ఒక మాట. మన హనఫీ ఇమాములలో అధిక సంఖ్యాకులు ధనరూప శిక్షను అంగీకరించలేదు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) మాత్రం అనుమతించినట్లు చెప్పబడింది. అంగీకరించనివారు చూపిన కారణాలలో ఒకటి వింటే, వారు నిన్న మొన్న మన గుడివాడ–కైకలూరు రోడ్డు మీద ప్రయాణించి ఉంటారా అనిపిస్తుంది. దుర్మార్గులైన పాలకులు ఈ నెపంతో జనుల సొమ్ము తినివేస్తారన్నదే వారి భయం. రసీదు ఇస్తే 5,000, ఇవ్వకపోతే 1,000 అన్న బేరం ఎక్కడ మొదలైనదో అక్కడ జరిమానా చచ్చి లంచం పుట్టినట్లే. ఒకరి సొమ్ము ఒకరు అధర్మంగా తినవద్దని, దానిని అధికారుల ముందు ఎరగా వేయవద్దని అల్ బఖరా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. ఆ హెచ్చరిక పుచ్చుకొనేవానికే కాదు, ఇచ్చేవానికి కూడా. కాబట్టి మనలో ఎవరికైనా జరిమానా పడితే, పూర్తి మొత్తం కట్టండి, రసీదు అడిగి తీసుకోండి. ఆ నాలుగు వేలు మిగుల్చుకోవడం లాభమని అనుకోవద్దు. ఊరి చెరువుకు రావలసిన సొమ్మును మరొకరి జేబులోకి మళ్ళించడమే అది.

ఇంతవరకు ఆసాములను, అధికారులను అన్నాము. ఇప్పుడు మా సంగతి.

గత బక్రీద్ నాడు మన మొహల్లాలో ఖుర్బానీ వ్యర్థాలు ఎటు పోయాయో మాకు తెలుసు. చీకటి పడ్డాక ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు గోనె సంచులు మోసుకొని డ్రెయిన్ వైపు వెళ్ళారు. మేము చూశాము. పండుగ రోజున మాట అనడం ఎందుకని ఊరుకొన్నాము. నాలుగు రోజుల తర్వాత పక్క వీధివారు ముక్కు మూసుకొని మసీదు ముందు నుంచి నడిచి వెళ్తుంటే, సలాం చెప్పడానికి కూడా మాకు ముఖం చెల్లలేదు. ఆ రోజు మనకు ఎవరూ జరిమానా వేయలేదు. వేసి ఉంటే బాగుండేదని ఈ మిమ్బర్ మీద నుంచి ఒప్పుకొంటున్నాము.

మన ఊళ్ళ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఇక్కడ కూర్చొని ఉన్నారు. దుబాయిలో రోడ్డు మీద చెత్త వేస్తే 500 దిర్హములు కట్టాలని వారికి తెలుసు. అక్కడ చాక్లెట్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొన్న చేయి, గన్నవరంలో విమానం దిగి బస్సెక్కగానే కిటికీలోంచి బయటకు వస్తుంది. ఆ చేతికి అక్కడ కనిపించిన కెమెరా ఇక్కడ కనిపించడం లేదు. రెండు చోట్లా చూస్తున్నవాడు ఒక్కడే గదా!

దైవప్రవక్త (స) చెప్పిన ఓడ దృష్టాంతం మీరు విని ఉంటారు. చీటీలు వేసుకొంటే కొందరికి పై అంతస్తు, కొందరికి క్రింది అంతస్తు వచ్చింది. క్రిందివారు నీటి కోసం మాటిమాటికీ పైకి ఎక్కవలసి వచ్చేది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మన భాగంలోనే ఒక చిల్లు పెట్టుకొందామని వారు అనుకొన్నారు. పైవారు వదిలేస్తే అందరూ మునుగుతారు, చేతులు పట్టుకొని ఆపితే అందరూ దక్కుతారు. ఆ చేయి పట్టుకోవడమే జరిమానా. కానీ మేము చాలాకాలం గమనించని సంగతి ఒకటి ఇందులో ఉన్నది. క్రిందివారు దుష్టులు కారు. వారికి దాహం వేసింది. పైవారు చేయి పట్టుకొని ఆపి, ఆ తర్వాత నీళ్ళు కూడా అందించాలి గదా! రాత్రి బండి తోలే మన సోదరునికి ముగ్గురు పిల్లలు. ఆ కిరాయి మానమని చెప్పడానికి మాకు ఒక నిమిషం పట్టింది. వేరే కిరాయి చూపించడానికి జమాఅతు మొత్తం కదలాలి.

అందువలన మసీదు కమిటీ పెద్దలతో మాట్లాడి కొన్ని పనులు అనుకొన్నాము. వచ్చే బక్రీద్‌కు ముందుగానే, కాలువకూ మంచినీటి చెరువుకూ దూరంగా, పంచాయతీ చూపిన చోట లోతైన గొయ్యి తవ్వించి సున్నం సిద్ధం చేస్తాము. ఖుర్బానీ ఇచ్చే ప్రతి ఇల్లూ వ్యర్థాలను అక్కడికే చేర్చాలి. డ్రెయిన్ వైపు వెళ్ళిన ఇంటిపేరు కమిటీ పుస్తకంలో రాసి, గొయ్యి తవ్వించిన ఖర్చులో రెండు వంతులు ఆ ఇంటి నుంచి కోరుతాము. ఇది బలవంతపు శిక్ష కాదు, మన మధ్య మనం ముందుగా ఒప్పుకొన్న ఒప్పందం. మొదటి పేరు మా ఇంటిదే అయినా రాయవలసినదే. రెండవది, నికాహ్, వలీమా భోజనాలకు మసీదు వంటపాత్రలతో పాటు స్టీలు ప్లేట్లు, గ్లాసులు కూడా ఇస్తాము. అద్దె లేదు, కడిగి ఇవ్వాలి. మూడవది కష్టమైనది. కోడి వ్యర్థాలను ఉడికించి పొడిగా, నూనెగా మార్చే కేంద్రాలు కేరళలో పెట్టారు. దుకాణాలవారు తలా కొంత వేసుకొని, డ్రమ్ములు చెరువులకు కాక అటువంటి చోటికి వెళ్ళే ఏర్పాటు మన పట్టణాలలో ఎలా సాధ్యమో కనుక్కోవాలి. ఆ బండి కిరాయి మన సోదరునికే దక్కాలన్నది మా కోరిక.

నమాజు తర్వాత కోడిమాంసం దుకాణాలు నడిపే సోదరులు, బండ్లు తోలే సోదరులు ఒక అరగంట వరండాలో ఆగాలని కోరుతున్నాము. రసీదు చూపిన సోదరుడు ఆ రసీదు తీసుకొని వస్తానన్నారు. గట్టు మీది ఆసాములలో మనవారు ఎవరైనా ఈ జుమాలో ఉంటే, వారు కూడా దయచేసి ఆగాలి. మేము ఎవరి పేరూ పిలవము.

అల్లాహ్! మా కాలువలను, మా చెరువులను మా చేతుల కీడు నుంచి కాపాడు. మేము నోరు మూసుకొన్న రోజులకు మమ్ము మన్నించు. ఆమీన్.